చదువుకోమని ఇచ్చిన వారం



లండన్‌లోని చాలా యూనివర్సిటీల్లో సెప్టెంబరు నెలాఖరుకు క్లాసులు మొదలవుతాయి. ఆరేడు వారాలు గడిచేసరికి, నవంబరు మొదట్లో, ఒక వారం పాఠాలు ఆపేస్తారు. దాన్ని రీడింగ్ వీక్ అంటారు. పేరుకు తగ్గట్టు వెనకబడ్డ పుస్తకాలు చదువుకోవాలి, రాయాల్సిన వ్యాసాలు మొదలుపెట్టుకోవాలి. ఆ పని బుద్ధిగా చేసేవాళ్లు లేకపోలేదు. కానీ మన దగ్గర నుంచి ఏడాది మాస్టర్స్‌కి వెళ్లిన పిల్లల లెక్క వేరు. మొదటి నెల గది వెతుక్కోవడానికీ, బ్యాంకు ఖాతాకీ, పార్ట్‌టైమ్ పనికీ పోతుంది. డిసెంబరు వచ్చిందంటే అసైన్‌మెంట్లు, ఆ తర్వాత పరీక్షలు, ఎండాకాలమంతా డిసర్టేషన్. మధ్యలో ఊరు చూడ్డానికి దొరికేది ఈ వారమే.

గుంటూరు నుంచి వెళ్లిన ఒక అమ్మాయి ఆ వారాన్ని ఎలా వాడుకుందో ఇవాళ చెప్పుకుందాం. పేరుతో మనకు పనిలేదు, అలాంటి పిల్లలు అక్కడ ఎందరో. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఇంకో ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి ఒక ఇంటి మేడ మీద ఉంటోంది. అక్కడి హై స్ట్రీట్ నార్త్ మీద నడిస్తే దోసెలు, బిర్యానీ, మునక్కాయలు, కరివేపాకు, పట్టుచీరలు, నగల కొట్లు అన్నీ వరసగా తగులుతాయి. నెలన్నర పాటు ఆ వీధి, కాలేజీ, పనిచేసే సూపర్‌మార్కెట్ తప్ప ఆమె లండన్‌లో ఇంకేమీ చూడలేదు.

పని సంగతి కూడా చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. రీడింగ్ వీక్‌లో పాఠాలు ఉండవు కాబట్టి సెలవులే కదా అని కొందరు షిఫ్టులు ఎక్కువ పెట్టుకుంటారు. అది సెలవు కింద రాదు, టర్మ్‌లో భాగమే. ఆ 20 గంటల గీత దాటితే వీసాకే ఎసరు. అంచేత ఆ వారం విద్యార్థి చేతిలో టైము బోలెడంత ఉంటుంది, డబ్బు మాత్రం ఉండదు.

అద్దెల విషయంలో లండన్ అంత నిర్దయగా ఉండే ఊళ్లు ప్రపంచంలో కొద్దే. చూడ్డానికి వచ్చినవాడి మీద మాత్రం ఆ ఊరికి ఎక్కడలేని దయ. 2001 డిసెంబరు నుంచి జాతీయ మ్యూజియంలన్నిటిలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, సైన్స్ మ్యూజియం, నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుండే నేచురల్ హిస్టరీ మ్యూజియం, అన్నిటికీ నేరుగా నడిచి వెళ్లొచ్చు. థేమ్స్ ఒడ్డున తిరిగే 135 మీటర్ల లండన్ ఐ చక్రం ఎక్కాలంటే పర్సు తియ్యాలి గానీ, ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లోని ఆకాశహర్మ్యం కొసన ఉన్న స్కై గార్డెన్‌కి ముందుగా బుక్ చేసుకుంటే చాలు, పైసా అక్కర్లేదు. లోపలికి వంగిన గాజు గోడలున్న ఆ భవనమే 2013లో కడుతుండగా ఎండను కుంపటిలా ఒకచోటికి పోగేసి కింద ఆపి ఉన్న కారు భాగాల్ని కరిగించింది. లండన్‌లో ఎండకు కారు కరగడమేమిటని గుంటూరు వాళ్లు నవ్వుకోవచ్చు.

సోమవారం ఆమె చేసిన తెలివైన పని 15వ నంబరు బస్సెక్కడం. టవర్ హిల్ దగ్గర ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు పట్టుకుంది. టూరిస్టుల కోసం పైకప్పు లేని బస్సులు వేరే తిరుగుతుంటాయి, వాటి టికెట్ వింటే గుండె గుభేలుమంటుంది. 15వ నంబరు మామూలు సిటీ బస్సు. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు, కార్డు తాకించాలి. ఒకసారి తాకిస్తే గంటలోపు ఎన్ని బస్సులు మారినా రెండోసారి డబ్బు పోదు. అందుకని నచ్చినచోట దిగి, చూసి, వెనకాల వచ్చే బస్సెక్కడం ఆ ఊరి విద్యార్థులందరికీ తెలిసిన కిటుకు.

బస్సు టవర్ ఆఫ్ లండన్ కోట దాటాక ఎడమవైపు సందుల మధ్య ఒక రాతి స్తంభం తొంగిచూస్తుంది. 1666 సెప్టెంబరులో పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల బట్టీలో అంటుకున్న నిప్పు నాలుగైదు రోజుల్లో 13,000 ఇళ్లకు పైగా బూడిద చేసింది. దానికి గుర్తుగా కట్టిందే ఈ మాన్యుమెంట్. ఎత్తు 202 అడుగులు. బట్టీ ఉన్నచోటికి దూరమూ 202 అడుగులే, కావాలని అలా కట్టారు. లోపల 311 మెట్లు. ఎక్కి దిగినవాళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు. కొంత దూరం పోయాక సెయింట్ పాల్స్ కేథడ్రల్. ఆ మంటల్లో పాతది పోతే క్రిస్టఫర్ రెన్ కట్టిన కొత్తది, 1710 నాటికి పూర్తయింది. దాని గోపురం కనిపించే చూపుకు అడ్డు రాకూడదని ఈనాటికీ ఆ ఊళ్లో కట్టడాల మీద ఆంక్షలున్నాయి. లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో 2014లో లేచిన పెద్ద భవనాన్ని ఏటవాలుగా ఒక పక్కకు వాల్చి కట్టింది అందుకే, ఫ్లీట్ స్ట్రీట్‌లో నడిచేవాడికి గోపురం వెనక అది అడ్డంగా నిలబడకుండా.

ఫ్లీట్ స్ట్రీట్ నుంచి ఆల్డ్‌విచ్ దాకా నడిచినా పది నిమిషాలు పట్టదు. ఆ కాస్త దూరంలో మన దేశం నుంచి వచ్చిన విద్యార్థుల చరిత్ర ఎంతో ఉంది. ఎడమవైపు గేటు లోపలికి వెళితే ఇన్నర్ టెంపుల్, 1888లో వచ్చిన మోహన్‌దాస్ గాంధీ అక్కడే బారిస్టరీ చదివాడు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వచ్చిన ఆ కుర్రాడు రోజుకు మైళ్లకు మైళ్లు నడిచి, కడుపు నిండే చోటు కోసం వెతికి వెతికి చివరికి పక్కనే ఉన్న ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటల్ కనిపెట్టాడు. ఇంకాస్త ముందుకెళితే కింగ్స్ కాలేజీ. నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పదహారేళ్ల హైదరాబాదు అమ్మాయి ఒకతె 1895లో ఇంగ్లండుకు వచ్చి అక్కడ చేరింది. పెళ్లయ్యాక సరోజినీ నాయుడు అయింది. ఆల్డ్‌విచ్ మలుపులో మన హైకమిషన్ ఉండే ఇండియా హౌస్, దాని ఎదుటి సందుల్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. అక్కడ అంబేడ్కర్ 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పుచ్చుకున్నారు. పై అంతస్తు కిటికీలోంచి ఇదంతా చూడ్డానికి అయిన ఖర్చు ఒక బస్సు చార్జీ.

మంగళవారం వాన. షిఫ్టు, బట్టలుతుక్కోవడం, పప్పుచారు.

బుధవారం మాత్రం డబ్బు పెట్టక తప్పలేదు. గుంటూరు పిల్ల లండన్ వెళ్లి కోహినూర్ చూడకపోతే ఇంట్లో ఊరుకుంటారా? టవర్ ఆఫ్ లండన్ టికెట్ పెద్దవాళ్లకు 30 పౌండ్ల పైమాటే, అంటే మన డబ్బులో మూడు వేలు దాటుతుంది. విద్యార్థులకు కొంత తగ్గిస్తారు. విచిత్రమేమిటంటే, ఆ కోట ఉన్న టవర్ హామ్లెట్స్ బరోలో నివాసం ఉండేవాళ్లకు ప్రవేశం ఒక్క పౌండుకే. వైట్‌చాపెల్‌లో గది తీసుకున్న ఆమె స్నేహితురాలు లైబ్రరీ కార్డు చూపించి ఒక పౌండుతో లోపలికి నడిచింది. ఎనిమిది స్టేషన్ల అవతల, న్యూహామ్ బరోలో ఉన్న పాపానికి మన అమ్మాయి పెద్ద టికెట్ కొనుక్కుంది. గది వెతుక్కునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆభరణాల గదిలో కిరీటాల ముందు జనం గుమిగూడిపోకుండా నేలే కదులుతుంది. ఎయిర్‌పోర్టుల్లో ఉండే కదిలే బాట లాంటిదే. దాని మీద నిలబడితే అదే తీసుకుపోతుంది, అటో వరస ఇటో వరస. 1937లో రాణి ఎలిజబెత్ కోసం, అంటే 2022లో పోయిన రెండో ఎలిజబెత్ తల్లి కోసం చేసిన కిరీటంలో, ముందువైపు కోహినూర్ ఉంటుంది. 105.6 క్యారట్లు. గోల్కొండ రాజ్యంలోని కృష్ణా తీరపు గనిలో, కొల్లూరులో దొరికిందని తరతరాల నమ్మకం. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో ఆ గని చూసి, 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. 1849లో పదేళ్ల దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకున్న లాహోర్ ఒప్పందంతో వజ్రం బ్రిటన్ రాణి చేతికొచ్చింది. 1851 మహాప్రదర్శనలో పెడితే, ఇంతేనా, మెరుపే లేదని లండన్ జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని తిరిగి కోయించారు. 186 క్యారట్ల రాయి అలా చిక్కిపోయింది. 2023లో కొత్త రాణి కమిల్లా పట్టాభిషేకానికి కోహినూర్ ఉన్న కిరీటం పెట్టుకోలేదు, మరోటి ఎంచుకున్నారు.

కదిలే బాట మీద కోహినూర్ ముందు నుంచి పోవడానికి కొన్ని సెకన్లే పడుతుంది. వెనక్కి తిరిగొచ్చి మళ్లీ ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు. స్నేహితురాళ్లిద్దరూ అదే చేశారు. ఒక పౌండు అమ్మాయికి వజ్రం చిన్నదిగా కనిపించింది, పెద్ద టికెట్ అమ్మాయికి అంత చిన్నదేమీ కాదనిపించింది.

గురువారం నవంబరు 10. తెలుగు చదువుకున్న వాళ్లకు ఆ తేదీ గుర్తుంటుంది, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పుట్టినరోజు. 1798లో కలకత్తాలో పుట్టి, ఉద్యోగం పేరిట 1820లో కడప చేరి, అక్కడ తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చువేసి, నిఘంటువులు కూర్చిన బ్రౌన్ దొర సగం జీవితం మనకు బాగా తెలుసు. కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. మిగిలిన సగం లండన్‌లో గడిచింది. 1855లో ఉద్యోగం విరమించి వెళ్లాక, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరుగా పనిచేశారు. 1884 డిసెంబరులో వెస్ట్‌బోర్న్ గ్రోవ్ దగ్గరి తన ఇంట్లో పోయారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు.

శ్మశానానికి షికారా అని గదిలో మిగతావాళ్లు ఎగతాళి చేశారు. కెన్సల్ గ్రీన్ 1833లో తెరిచిన 72 ఎకరాల తోట. మన ఊళ్లలోలా భయపెట్టే చోటు కాదు. కుక్కల్ని తిప్పేవాళ్లు, స్కెచ్‌లు గీసుకునేవాళ్లు కనిపిస్తారు. కంప్యూటర్‌కు ఆదిపురుషుడనదగిన చార్లెస్ బాబేజ్ అక్కడే ఉన్నాడు. రైలు వంతెనల ఇంజినీరు బ్రూనెల్, బ్రౌన్‌లాగే కలకత్తాలో పుట్టిన నవలాకారుడు థాకరే, రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాకూర్ కూడా అక్కడే. పెద్ద పెద్ద గోపురాల సమాధులు దారి పక్కనే ఉంటాయి. సామాన్యులవి లోపల గడ్డిలో, రాయి ఒరిగి, అక్షరాలు చెరిగి ఉంటాయి. 72 ఎకరాల్లో ఒక్క సమాధి వెతకాలంటే పేరు, తేదీ ఉంటే సరిపోదు, సమాధి నంబరు కావాలి. అది తెలియకుండా వెళ్లిన అమ్మాయికి బ్రౌన్ సమాధి ఆ రోజు దొరకలేదు. తడి ఆకుల మీద బూట్లు జారుతుండగా మూడింటి దాకా తిరిగింది. నాలుగున్నరకల్లా చీకటి పడిపోయే నెల అది. చీకటి పడకముందే బయటికి వచ్చేసింది. తెలుగువాళ్లు నవంబరులో లండన్ వెళితే ఆఫీసుకు ముందే రాసి నంబరు కనుక్కుని వెళ్లడం మంచిది. శ్రమకు తగిన చోటే.

ఇక శుక్రవారం. ఆ వారానికి ఆయువుపట్టు అదే.

బ్రిటిష్ మ్యూజియం మామూలు రోజుల్లో సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. శుక్రవారం మాత్రం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచుతారు. మధ్యాహ్నం షిఫ్టు చేసుకుని వెళ్లేవాళ్లకు అదే అదను, జనం కూడా పలచబడతారు. ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్‌లో ఎంబాంక్‌మెంట్ వచ్చి, అక్కడ ఉత్తరానికి పోయే నార్తర్న్ లైన్ రైలెక్కాలి. ఆ ప్లాట్‌ఫాం మీద ఒక గొంతు వినిపిస్తుంది. రేడియో శ్రోతలకు దాని కథ నచ్చుతుంది. రైలుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య సందు చూసుకుని దిగమని హెచ్చరించే మాటలు మూడంటే మూడు, మైండ్ ది గ్యాప్. ఇతర చోట్ల కొత్త గొంతులు వచ్చాయి. ఇక్కడ వినిపించేది ఆస్వల్డ్ లారెన్స్ అనే నటుడు 1960ల చివర్లో రికార్డు చేసిన గొంతు. ఆయన 2007లో చనిపోయారు. ఆ తర్వాత ఆయన భార్య, వృత్తికి డాక్టరు, ఆ గొంతు వినడానికే ఆ స్టేషన్‌కు వచ్చి కూర్చునేది. 2012 చివర్లో కొత్త యంత్రాలు పెట్టి పాత రికార్డింగ్ తీసేశారు. ఆమె వెళ్లి అడిగింది. రవాణా సంస్థ వాళ్లు ఆమెకు ఒక కాపీ ఇవ్వడమే కాక, 2013లో ఆ ఒక్క ప్లాట్‌ఫాం మీద పాత గొంతు తిరిగి పెట్టారు. 1863 జనవరిలో ఆవిరి రైళ్లతో మొదలై, ప్రపంచంలో అన్నిటికంటే ముందు పుట్టిన భూగర్భ రైల్వే లండన్‌ది. అంత పెద్ద వ్యవస్థ ఒక మనిషి కోరిక మీద ఒక ప్లాట్‌ఫాం గొంతు మార్చింది. మన అమ్మాయి రెండు రైళ్లు వదిలేసి ఆ మూడు మాటలూ విన్నది.

మ్యూజియంలో అడుగుపెట్టినవాళ్లు ముందు రొజెట్టా శిల దగ్గరికి పోతారు, ఆ తర్వాత ఈజిప్టు మమ్మీల దగ్గరికి. 33వ నంబరు గ్యాలరీ చైనా, దక్షిణాసియాలది. దాని చివర గాజు గోడ వెనక 33ఏ అనే గది. ఆ గది నిండా అమరావతి.

గుంటూరుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న అమరావతి. ఆ అమ్మాయి బడి పిల్లలతో కలిసి అక్కడికి వెళ్లింది, గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు చూసింది. ఆ స్తూపం ఎలా ఉండేదో ఆనాడు అర్థం కాలేదు. ఇక్కడ ఒక్క పలక ముందు నిలబడితే అర్థమైంది. స్తూపం చుట్టూ తాపడంగా పెట్టిన ఆ పలక మీద శిల్పి స్తూపాన్నే చెక్కాడు. అడుగున చుట్టూ ప్రాకారం, వాకిట్లో స్తంభాల మీద కూర్చున్న సింహాలు, వరసగా ఆయక స్తంభాలనే ఐదు నిలువు కంబాలు, పైన దండలు చుట్టిన గుండ్రటి అండం, ఆ పైన గాల్లో ఎగిరివస్తున్న దేవతలు. కట్టినవాళ్లే గీసిచ్చిన నమూనా అనుకోవచ్చు. ఇది క్రీస్తు శకం మూడో శతాబ్దపు పని. పలక వెనక్కి వెళ్లి చూస్తే ఇంకో శిల్పం ఉంది, అది అంతకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందరిది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషిగా చూపించని కాలం నాటి పని. స్తూపాన్ని పెంచి కట్టినప్పుడు పాత పలకను పారెయ్యకుండా తిప్పి, వెనకవైపు కొత్తగా చెక్కుకున్నారన్నమాట. రాయి వృథా చెయ్యని పొదుపు మనవాళ్లకు అప్పట్లోనే ఉంది.

ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో ఆమె ఫోనులో చదువుకుంది, గోడ మీది వివరాలూ చదివింది. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతుంటే, రాళ్లూ ఇటుకల కోసం దిబ్బను తవ్వారు. శిల్పాలు బయటపడ్డాయన్న కబురు విని సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి తన మనుషుల చేత బొమ్మలు గీయించాడు. అవి ఇప్పుడు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మెకంజీ రెండోసారి వచ్చేలోపే చాలా రాళ్లు గోడల్లోకీ, మెట్లలోకీ, సున్నపు బట్టీల్లోకీ పోయాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి, దొరికినవి మద్రాసుకు పంపించాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాక, 1859లో కొన్ని ఓడెక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అక్కడ ఇప్పుడు 120కి పైగా ఉన్నాయి. మద్రాసులోని ఎగ్మూరు మ్యూజియంలో మరో పెద్ద భాగం ఉంది, అమరావతిలో మిగిలింది మిగిలింది. మార్బుల్స్ అని ఇంగ్లీషువాళ్లు పేరు పెట్టారు గానీ అది చలవరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి.

దోచుకుపోయారని ఒకరంటారు, వాళ్లు పట్టుకుపోకపోతే సున్నమై పోయేవని ఇంకొకరంటారు. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. అవి బతికుండటం ఒక సంగతి, మన పిల్లలకు కనిపించకపోవడం ఇంకో సంగతి. మొదటిదానికి మ్యూజియం మెప్పు తీసుకోవచ్చు గానీ, రెండోదానికి జవాబు చెప్పాల్సే ఉంటుంది. ప్రవేశం ఉచితమన్న బోర్డు నిజమే. ఆ గుంటూరు అమ్మాయి అమరావతిని అంత దగ్గరగా, అంత సేపు, ఉచితంగా చూడ్డానికి వీసా ఫీజు, విమానం టికెట్, యూనివర్సిటీ ఫీజు, బ్యాంకు లోను అయ్యాయి. ఎనిమిదింబావుకు కాపలా మనిషి వచ్చి మూసే వేళయిందని చెప్పేదాకా ఆమె కదల్లేదు. అంతసేపట్లో ఆ గదిలోకి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

శనివారం పొద్దున చాక్ ఫార్మ్ స్టేషన్‌లో దిగి కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నంబరు ఇంటికి వెళ్లింది. 1921-22లో అంబేడ్కర్ ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియంగా మార్చింది. నివాస వీధిలో మ్యూజియం ఏమిటని అభ్యంతరాలు వచ్చాయి, 2020లో గానీ అనుమతి స్థిరపడలేదు. ఇక్కడి నుంచి ఆయన రోజూ బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు తీసేటప్పుడు కూర్చుని మూసేటప్పుడు లేచేవారు. డబ్బు ఆదా కోసం మధ్యాహ్నం భోజనం మానేసేవారు. రాత్రి పొద్దుపోయాక ఆకలి ఆగకపోతే ఎవరో గుజరాతీ మిత్రుడు ఇచ్చిన అప్పడాలు రేకు ముక్క మీద కాల్చుకుని, పాలతో తినేవారని జీవిత చరిత్రలో ఉంది. ఆ ఇంటికి కూతవేటు దూరంలో ప్రిమ్‌రోజ్ హిల్. చిన్న గుట్టే, ఎక్కితే లండన్ అంతా కనిపిస్తుంది. టికెట్ లేదు.

మధ్యాహ్నానికి నగరం నడిబొడ్డుకు చేరేసరికి వీధులన్నీ జనం. నవంబరు రెండో శనివారం లార్డ్ మేయర్ ఊరేగింపు. 1215లో జాన్ రాజు లండన్ వర్తకులకు తమ మేయరును తామే ఎన్నుకునే హక్కిచ్చి, ఏటా వచ్చి తనకు విధేయత చెప్పి పొమ్మన్నాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ మొక్కు ఇంకా తీరుస్తున్నారు. 1757 నాటి బంగారు పూత బండి, దానికి ఆరు గుర్రాలు. బండి తిరుగు ప్రయాణంలో ఆమెకు కనిపించింది, ఒక పిల్లాడి తల అడ్డొచ్చి ఫొటో సరిగా పడలేదు.

ఆదివారం గ్రీనిచ్. డాక్‌ల్యాండ్స్ రైలుకు డ్రైవరు ఉండడు, ముందు సీటు దొరికితే పట్టాలు మనమే మింగుతూ పోతున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్లు కూడా ఆ సీటు కోసం పోటీ పడతారు. ఐలండ్ గార్డెన్స్‌లో దిగితే థేమ్స్ కింద నుంచి కాలినడక సొరంగం. నదికి దక్షిణాన ఉండే రేవు కూలీలు పడవల కోసం ఎదురుచూడకుండా పనికి నడిచి పోవడానికి 1902లో తెరిచారు. పొడవు 370 మీటర్లు, గోడలకు తెల్ల పలకలు, మాట్లాడితే మాట మోగుతుంది.

అవతలి ఒడ్డున గుట్ట మీద 1675లో రెండో ఛార్లెస్ కట్టించిన వేధశాల. 1884లో వాషింగ్టన్‌లో పలు దేశాలు కూర్చుని, భూమికి సున్నా డిగ్రీల రేఖాంశం ఇక్కడి నుంచే లెక్కపెట్టాలని తీర్మానించాయి. ఆవరణలో స్టీలు గీత మీద అటో కాలు ఇటో కాలు వేసి ఫొటో దిగాలంటే టికెట్. అదే గీత గోడ బయటి కాలిబాట మీద కూడా సాగుతుంది, అక్కడ ఊరికే నిలబడొచ్చు. మన అమ్మాయి ఏ వైపు వెళ్లిందో చెప్పక్కర్లేదు. ఫోను తీసి మ్యాపులో చూస్తే సున్నా రావడం లేదు. ఫోను చెడిపోలేదు. 19వ శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త ఎయిరీ తన దూరదర్శినిని పాదరసం పళ్లెం సాయంతో నిలువుకు సరిచూసి పెట్టాడు. ఆ చోట భూమి ఆకర్షణ ఒక పిసరు పక్కకు లాగుతుంది, ఉపగ్రహాల లెక్కలో ఆ పిసరు తేడా ఉండదు. అందుకని ఫోను చెప్పే సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పుగా, పార్కు మధ్యలో పడుతుంది.

రెండు సున్నాల మధ్య గడ్డిలో నిలబడి ఆమె ఇంటికి వీడియో కాల్ చేసింది. లండన్‌లో పొద్దున పదకొండు, గుంటూరులో సాయంత్రం నాలుగున్నర.

"నాన్నా, భూగోళం మీద సున్నా గీత ఇదే. మన టైము లెక్క 82న్నర డిగ్రీల గీతది, కాకినాడ దగ్గర నుంచి పోతుంది. గంటకు 15 డిగ్రీల చొప్పున చూసుకో, ఐదున్నర గంటలు సరిగ్గా సరిపోతుంది."

"సరిపోయిందిలేమ్మా," అన్నాడాయన. "కాకినాడ గీత సంగతి అలా ఉంచు. రెండో విడత ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కున్నావా? పౌండు కాస్త దిగినప్పుడే పంపేస్తే మేలని బ్యాంకులో అంటున్నారు."